అమావాస్య నుంచి అమావాస్య దాకా: దయ్యాల కథల నెల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో మిమ్మల్ని ఒకటి అడిగాను గుర్తుందా, పెత్రమాస (మహాలయ అమావాస్య) రోజు మొదలుపెట్టి దీపావళి అమావాస్య దాకా రోజూ రాత్రి పడుకునే ముందు ఓ పది పేజీలు దయ్యాల కథలు చదువుదాం, పాతవో కొత్తవో మనవో బయటివో ఏవైనా సరే, చదివాక ఏమనిపించిందో రాయండి అని. ఇన్ని ఉత్తరాలొస్తాయని మాత్రం అనుకోలేదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు, ఒకావిడైతే రాత్రి ఒంటిగంటకి గుసగుసగా మాట్లాడి పంపారు, పక్కన పిల్లలు లేస్తారని. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. ఎక్కువమంది అడిగినవీ, నేను రెండ్రోజులు ఆలోచించాల్సొచ్చినవీ తీసుకున్నా.

ప్రశ్న: మేడమ్, మీరు చెప్పారని డ్రాకులా నవల మొత్తం చదివాను. మొదటి వంద పేజీలు చదువుతుంటే వంటింట్లో లైటు ఆర్పడానికి కూడా భయమేసింది, మా ఆయన్ని తోడు రమ్మన్నా. కానీ కథ లండన్‌కి వచ్చాక ఆ భయం పోయింది, ఏదో పోలీసు కథ చదువుతున్నట్టుంది. తప్పు నాదా పుస్తకానిదా? (గృహిణి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: తప్పు మీది కాదమ్మా. ఈ నెలలో ఆ పుస్తకం చదివినవాళ్ళు ఇంకో నలుగురు కూడా ఇదే మాట రాశారు.

ఆ నవల 1897లో వచ్చింది, మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగ్‌లు, అంతే. మే 3న జోనాథన్ హార్కర్ అనే కుర్ర లాయరు డైరీతో మొదలై నవంబర్ మొదటి వారంలో అయిపోతుంది. మొదట్లో మనకున్నది హార్కర్ ఒక్కడి డైరీయే కదా, డ్రాకులా కోటలో అతను ఒంటరి, మనమూ ఒంటరే. గడ్డం గీసుకునే అద్దంలో వెనకున్న మనిషి కనపడకపోవడం, గోడ మీద బల్లిలా తలకిందులుగా దిగడం, ఇవన్నీ అందరికీ గుర్తుండేవే, కానీ నన్ను ఇప్పటికీ వదలనిది మాత్రం అవేవీ కావు. ఒకసారి హార్కర్ తన గదికి వెళ్తే కౌంట్, అంటే డ్రాకులా, స్వయంగా పక్క సర్దుతుంటాడు. ఇంకోసారి తలుపు సందులోంచి చూస్తే అన్నం బల్ల సర్దుతుంటాడు. అంటే అంత పెద్ద కోటలో ఒక్క నౌకరు కూడా లేడు, ఇన్నాళ్ళూ వండి పెట్టిందీ బండి తోలిందీ పక్కేసిందీ అన్నీ ఆయనే. దుప్పటి దులపడంలో భయపడ్డానికేముంది చెప్పండి, అయినా అక్కడ నా చేతులు చల్లబడ్డాయి.

లండన్ వచ్చాక చాలామంది డైరీలు రాస్తారు, అందరూ ఒకళ్ళవి ఒకళ్ళు చదువుకుంటారు, హార్కర్ భార్య మినా కూర్చుని అన్నీ టైప్ చేసి వరసలో పెడుతుంది. అన్ని విషయాలూ అందరికీ తెలిసిపోయాక ఇక భయమెక్కడుంటుంది? కానీ ఒకటి గమనించండి, ఆ పుస్తకంలో కౌంట్ డైరీ మాత్రం లేదు. ఆయన మనసులో ఏముందో ఒక్క పేజీ కూడా లేదు. రెండోసారి చదివేటప్పుడు అది గుర్తుపెట్టుకుని చదవండి, లండన్ భాగం వేరేగా ఉంటుంది. మధ్యలో ఓడ కెప్టెన్ లాగ్‌బుక్ ఒకటుంది, ఒక్కొక్క నావికుడే మాయమైపోతుంటే చివరికి ఆయన చుక్కానికి తన చేతులు కట్టేసుకుంటాడు. ఆ కొన్ని పేజీలు విడిగా తీసి చదివినా అది పూర్తి కథే.

ప్రశ్న: మా ఆఫీసులో హాలోవీన్‌కి గుమ్మడికాయలు, ప్లాస్టిక్ అస్థిపంజరాలు పెట్టారు, ఫోటో పంపితే మా నాన్నమ్మ ఫోన్ చేసి పండగల పూట ఆ దరిద్రం ఏంట్రా అని తిట్టింది. మీరేమో అదే టైముకి మనల్ని దయ్యాల కథలు చదవమన్నారు. ఇది మన సీజనేనా అసలు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి)

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు మీ నాన్నమ్మ దగ్గరే ఉంది. పెత్రమాస రోజు మీ ఇంట్లో ఏం చేస్తారో అడుగు. పొద్దున పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యమిస్తారు, వాళ్ళకిష్టమైనవి వండుతారు. మా ఇంట్లో మా తాతకి గారెలంటే ప్రాణమని ఆ రోజు మొదటి వాయి తీసి పక్కన పెట్టేవాళ్ళు, అది పెట్టేదాకా పిల్లలెవరం ముట్టుకోకూడదు. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున చనిపోయినవాళ్ళకి అన్నం, సాయంత్రం బతుకు పేరుతో పాట. ఒకటే రోజున ఈ రెండూ ఎందుకొచ్చాయా అని నేను చాలాసార్లు అనుకున్నా.

ఇక దీపావళి. పాతకాలం పద్ధతిలో ఆ అమావాస్య సాయంత్రం కాగడాలు వెలిగించి చూపిస్తారు, ఉల్కాదానం అంటారు, మహాలయంలో వచ్చిన పితృదేవతలకి వెళ్ళే దారి కనపడాలని. ఆ తర్వాత కార్తీకమంతా గుళ్ళో ఆకాశదీపం. అందుకే నేను మన నెలని అమావాస్య నుంచి అమావాస్యకి పెట్టింది, ఒక అమావాస్యకి వాళ్ళు వస్తారు, ఇంకో అమావాస్యకి దారి చూపించి సాగనంపుతాం.

హాలోవీన్ కూడా అలాంటి చోటునుంచే వచ్చింది, ఐర్లండ్ వైపు పంటలైపోయి చలి మొదలయ్యే వేళకి సావిన్ అనే పండగుండేది, ఆ రాత్రి పోయినవాళ్ళు తిరిగొస్తారని నమ్మేవాళ్ళు. అక్కడ టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవాళ్ళు, అమెరికా వెళ్ళాక అది గుమ్మడికాయైంది. మనం బూడిద గుమ్మడికాయ గుమ్మానికి కట్టట్లేదా ఏంటి. నాన్నమ్మకి ఈ మాట చెప్పు, తిట్టదు.

ప్రశ్న: రైల్వేలో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మీ మాట విని ఇంగ్లీషువీ బెంగాలీవీ చాలా చదివాను. అన్నీ లండన్, స్కాట్లండ్, కలకత్తా. మన హైదరాబాద్ పేరున్న గొప్ప దయ్యం కథ ఒక్కటైనా ఉందా? (సికింద్రాబాద్)

జవాబు: ఉంది సార్. అందులో రైల్వే కూడా ఉంది, ఇది మీకోసమే రాసినట్టుంటుంది.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణ్’, అంటే ఆకలిగొన్న రాళ్ళు. ఇద్దరు బంధువులు దసరా పూజ సెలవుల్లో ఊళ్ళు తిరిగి కలకత్తా వెళ్తుంటారు, రైల్లో ఒకాయన తగులుతాడు, ఆయనకి తెలియని విషయం లేదు, రాజకీయాలు, సైన్సు, వేదాలు, పారసీ కవిత్వం. జంక్షన్‌లో దిగితే వెళ్ళాల్సిన బండి లేటు. మీకు తెలియందేముంది సార్, వెయిటింగ్ రూమ్, రాత్రి, బండి ఎప్పుడొస్తుందో ఎవరూ సరిగ్గా చెప్పరు. అప్పుడు ఆయన తన కథ మొదలుపెడతాడు, నేను జునాగఢ్‌లో ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో నిజాం సర్కారు కొలువులో చేరాను అని.

ఆయన్ని బరీచ్ అనే చోట పత్తి మీద సుంకం వసూలు చేయడానికి వేస్తారు. నిజాం ఇలాకాలో పత్తి సుంకం, ఇంతకంటే మామూలు ఉద్యోగం ఇంకేముంటుంది! అక్కడ నది ఒడ్డున పాత పాలరాతి మహలుంది, నీళ్ళదాకా నూటయాభై మెట్లు. ఆఫీసు ముసలి గుమాస్తా కరీంఖాన్ చెప్తాడు, పగలుండండి పర్వాలేదు, రాత్రి మాత్రం వద్దు అని. ఈయన వినడు. ఒకరోజు సాయంత్రం ఎండ పోయే వేళకి మెట్ల మీద కూర్చుంటే వెనకనుంచి చాలామంది ఆడపిల్లలు నవ్వుకుంటూ పరిగెత్తి నీళ్ళలోకి దిగుతున్నట్టు చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కానీ పక్కనుంచి వెళ్ళినట్టు గాలి తెలుస్తుంది. ఇక అక్కడినుంచి పగలు సుంకం లెక్కలు, రాత్రి ఆ మహలు, పగటిపూట కోటు ప్యాంటు ఆయనకే అబద్ధంగా అనిపించడం మొదలవుతుంది. పొద్దున్నే మెహర్ అలీ అనే పిచ్చివాడు మహలు చుట్టూ తిరుగుతూ దూరం పొండి, అంతా అబద్ధం అని అరుస్తుంటాడు. ఆ మహల్లో మూడు రాత్రులుండి ప్రాణంతో బయటపడింది అతనొక్కడే.

చివరికి కరీంఖాన్ ఒక పారసీక బానిస పిల్ల కథ చెప్తానంటాడు, అది వింటే గానీ మహలు రహస్యం తెలియదు. సరిగ్గా అప్పుడు కూలీలొచ్చి బండి వస్తోంది అంటారు. రైల్లోంచి ఒక ఇంగ్లీషు దొర ఆయన్ని గుర్తుపట్టి తన ఫస్ట్ క్లాసు పెట్టెలోకి ఎక్కించుకుంటాడు, వినేవాళ్ళు సెకండ్ క్లాసు, అంతే, కథ ఆగిపోతుంది. ఆ పిల్లకేమైందో మనకి ఎప్పటికీ తెలియదు.

నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకంలో పేజీలు చిరిగిపోయాయేమో అనుకున్నా, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం మరి, కుట్టు దగ్గర వేలు పెట్టి చూశాను. చిరగలేదు. తర్వాత వారం రోజులు ఆ పిల్ల కథ నేనే అల్లుకున్నాను, రోజుకో రకంగా. డ్రాకులా గురించి పైన రాసిన అక్కయ్యకి చెప్పిందీ ఇదే, దయ్యం ఎక్కడ కనపడిందో అక్కడ కాదు భయం, చెప్పేవాడు ఎక్కడ ఆపాడో అక్కడ.

ఒకమాట, బరీచ్ ఎక్కడుందని మ్యాప్‌లో వెతక్కండి. ఠాగూర్‌కి ఆ మహలు ఊహ వచ్చింది అహ్మదాబాద్‌లో, పదిహేడేళ్ళ వయసులో అన్నగారి దగ్గరున్నప్పుడు షాహీబాగ్‌లో మొగలుల నాటి భవనంలో ఉన్నారు, అన్న కోర్టుకి వెళ్ళిపోతే అంత పెద్ద ఇంట్లో ఒక్కరే తిరిగేవారట. మహలు గుజరాత్‌దీ, కొలువు మన నిజాందీ. మీరు ఈసారి కాజీపేట జంక్షన్‌లో బండి కోసం కూర్చోవాల్సొస్తే అది చదవండి సార్, ఇంట్లో సోఫాలో కాదు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. వాడికి రోజూ రాత్రి బేతాళ కథలు చదివాను. ఇప్పుడు ఒక్కడే బాత్రూమ్‌కి వెళ్ళనంటున్నాడు. అత్తగారు పిల్లాడికి ఇవన్నీ ఎందుకు నూరిపోశావని కోప్పడుతున్నారు. ఆపేయాలా? (వనస్థలిపురం)

జవాబు: ఆపొద్దమ్మా, మధ్యలో అసలు ఆపొద్దు. భయంతో ఆగిపోయిన కథే పిల్లల్లో ఎక్కువ రోజులుంటుంది. టైము మార్చండి, రాత్రి కాకుండా సాయంత్రం స్నాక్స్ టైములో చదవండి. బాత్రూమ్‌కి కొన్నాళ్ళు తోడెళ్ళండి, అంత పెద్దవాడివి భయమేంటి అని మాత్రం అనొద్దు.

ఇంకోటి, ఎలా చదువుతున్నారో ఒకసారి చూసుకోండి. మా నాన్న చందమామలో ఆ కథ చదివేటప్పుడు బేతాళుడు ప్రశ్న అడగ్గానే పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకునేవారు. శంకర్ గారి బొమ్మ, కత్తి పట్టుకున్న రాజు, భుజాన శవం, అది మా కళ్ళముందుండగానే, చెప్పండి ఎవరిది తప్పు, రాజుదా మంత్రిదా ఆ పిల్లదా? మేము ముగ్గురం కొట్టుకునేవాళ్ళం, మా తమ్ముడు ఎప్పుడూ దొంగ పక్షమే. ఆ పది నిమిషాలూ శవం సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. మీ బాబుని కూడా అడగండి, వాడి జవాబు తప్పైనా సరే విని, అప్పుడు పేజీ తిప్పండి.

ఆ కథలు ఎంత పాతవో, అందులో మన గోదావరి ఎలా ఉందో కూడా చెప్పొచ్చు వాడికి. పదకొండో శతాబ్దంలో కశ్మీర్‌లో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఇవి ఉన్నాయి, అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం. ఒక భిక్షువు రోజూ వచ్చి రాజుకో పండు ఇచ్చి వెళ్తుంటాడు, రాజు అది చూడకుండా కోశాధికారికి ఇచ్చేస్తుంటాడు. ఒకరోజు పెంపుడు కోతి పండు కొరికితే లోపల రత్నం. ఇన్నేళ్ళ పండ్లూ వెతికితే గదినిండా రత్నాలు. అక్కడ మొదలవుతుంది అంతా. శవం వేలాడేది శింశుపా వృక్షానికి, అశోకవనంలో సీతమ్మ కూర్చున్నదీ ఆ చెట్టు కిందే, మీ అత్తగారికి ఈ మాట చెప్తే ఆవిడే మిగతా కథ చెప్తారు వాడికి.

చివరి కథ దాకా తప్పకుండా వెళ్ళండి. ఇరవైమూడు ప్రశ్నలకి రాజు జవాబు చెప్తాడు, చెప్పినప్పుడల్లా బేతాళుడు చెట్టెక్కేస్తాడు. ఆఖరిది ఒక చిక్కు, ఒక తండ్రేమో వేరే ఇంటి తల్లీకూతుళ్ళలో కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు, అతని కొడుకేమో ఆ కూతురి తల్లిని చేసుకున్నాడు, వాళ్ళ పిల్లలు ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారు? రాజుకి తెలియదు, అందుకే మాట్లాడడు. ఆ తెలియకపోవడమే ఆయన్ని కాపాడుతుంది, బేతాళుడు మెచ్చుకుని భిక్షువు నిన్ను చంపబోతున్నాడని చెప్పి దారి చూపిస్తాడు. అన్నాళ్ళూ భయపెట్టినవాడే చివర్లో మనవాడైపోతాడు. మీ బాబు అక్కడిదాకా వింటే బాత్రూమ్ లైటు సంగతి వాడే చూసుకుంటాడు.

ప్రశ్న: ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసేవాళ్ళంట, మా అమ్మ చెప్పింది. ఆ కథ ఏ పుస్తకంలో ఉంది? (డిగ్రీ విద్యార్థిని, ఉప్పల్)

జవాబు: ఏ పుస్తకంలోనూ లేదు తల్లీ, తలుపుల మీదే ఉంది. తొంభైల్లో మన ఊళ్ళన్నిట్లో అదే రాత, బెంగళూరు వైపు కన్నడంలో ‘నాళె బా’ అని రాసుకున్నారు, అంటే రేపు రా అనే. రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే అంతే. తలుపు మీద రేపు రా అని ఉంటే చదువుకుని వెళ్ళిపోతుంది, మళ్ళీ రేపొస్తుంది, మళ్ళీ అదే చదువుతుంది.

అప్పుడు మేము మలక్‌పేటలో ఉండేవాళ్ళం. మా నాన్నమ్మకి చదువు రాదు. పక్కింటి తలుపు మీద చూసి వచ్చి నా చేతికి సుద్దముక్క ఇచ్చి రాయమంది, నేను తొందరలో ‘స్త్రీ’ కింద క్రావడి మర్చిపోయి ‘స్తీ’ అని రాశాను. పక్కింటివాళ్ళ అక్షరాలతో పోల్చి చూసింది, ఆకారం తేడాగా ఉందని కనిపెట్టింది. తడిగుడ్డతో తుడిపించి మళ్ళీ రాయించింది, తప్పు రాస్తే దానికి అర్థం కాదే, లోపలికొచ్చేస్తది అని. తనకి రాని చదువు దయ్యానికి వచ్చని ఎంత నమ్మకమో. ఆ తలుపు ఆకుపచ్చ రంగుది, సుద్ద అంటుకునేది కాదు, వానొస్తే పోయేది, మళ్ళీ రాసేదాన్ని. రాత్రి పడుకున్నాక మా అమ్మ నిజంగా పిలిచినా కాసేపు పలికేదాన్ని కాదు.

ఈ నెలలో చదివిన అన్నిటికంటే గట్టి కథ ఇదేనేమో అనిపిస్తుంది నాకు, రాసింది నాలుగే మాటలు. మీ అమ్మగారిని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేసుకో, వాళ్ళ వీధిలో ఎవరి తలుపు మీద ఎలా రాశారో అన్నీ అడుగు. ఇప్పుడు అడక్కపోతే పోతుంది.

ప్రశ్న: దయ్యాల పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక రెండుసార్లు తెల్లవారుజామున మెలకువొచ్చి కాళ్ళు చేతులు కదల్లేదు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది, అరుద్దామంటే గొంతు రాలేదు. (హాస్టల్ విద్యార్థి, అమీర్‌పేట)

జవాబు: భయపడకు నాన్నా, దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు, చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి వస్తుంది. కలలొచ్చే నిద్రలో మన ఒంటిని మెదడే కదలకుండా ఆపి ఉంచుతుంది, కలలో పరిగెత్తితే నిజంగా పరిగెత్తకుండా. ఒక్కోసారి మెలకువ ముందొచ్చేస్తుంది, ఒళ్ళు ఇంకా విడిపడదు, కల కూడా పూర్తిగా పోదు, అందుకే ఎవరో ఉన్నట్టు కనపడుతుంది కూడా. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకట్రెండు నిమిషాలు, దానంతటదే పోతుంది. నిద్ర తక్కువైనా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువొస్తుంది. రాత్రి రెండింటిదాకా చదవడం మానెయ్, పక్కకి తిరిగి పడుకో. మాటిమాటికీ వస్తే మాత్రం డాక్టర్‌కి చూపించుకో.

ప్రశ్న: నేను మెదక్ వైపు ఒక గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని, ఇల్లు హైదరాబాద్‌లోనే. బాణామతి చేసిందని ఒక ముసలమ్మని ఊరంతా కలిసి కొట్టడం నా కళ్ళతో చూశాను. ఇలాంటి చోట మీరు దయ్యాల కథలు చదవండి అని నెలంతా రాయడం నాకు నచ్చలేదు. ఒకప్పుడు తులసిదళం సీరియల్ వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ కదా.

జవాబు: మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను మేడమ్. నెలంతా రాసినప్పుడు ఈ మాట ముందే రాసుండాల్సింది నేను.

తులసిదళం ఎనభైల మొదట్లో వారం వారం వచ్చేది, మా వీధిలో పత్రిక ఒకటే, ఇళ్ళన్నీ తిరిగేది, చేతబడి చుట్టూ అల్లిన కథ, ఒక చిన్నపాప ప్రాణం మీదకొచ్చే కథ. జనం మూఢనమ్మకాలు పెరుగుతాయని హేతువాదులు గట్టిగానే విమర్శించారు. ఆ విమర్శ తప్పని నేననను. అలాగని ఆ వారం సంచిక కోసం గుమ్మంలో నిలబడ్డ రోజుల్ని కాదనలేను కూడా.

ఒంటరి ఆడవాళ్ళని, ముసలివాళ్ళని పట్టుకుని పళ్ళూడగొట్టడం, చెట్టుకి కట్టేయడం, ప్రాణాలు తీయడం మన తెలంగాణలో జరిగాయి, ఎవరికో జ్వరం తగ్గలేదనో గేదె చచ్చిపోయిందనో. అక్కడ జరిగేదేంటంటే, ఎందుకైందో తెలియని చోట ఒక మనిషిని తెచ్చి నిలబెడతారు. కథ ఆగిన చోట మనం ఊహించుకుంటే అందులో తప్పు లేదు, ఊళ్ళో రోగం ఎందుకొచ్చిందో తెలియకపోతే ఊహించుకోకూడదు, డాక్టర్‌ని పిలవాలి. పిల్లలకి ఈ రెంటికీ తేడా చెప్పాల్సింది మనమే, కథలు చదివే మనమే ముందు చెప్పాలి.

జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊళ్ళలో చూపించే ఒక ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది, తెలియని టీచర్లకోసం రాస్తున్నా. ఎర్ర మందార రేకులు చాకుకి రెండువైపులా గట్టిగా రుద్ది ఆరనివ్వండి. ఆరాక మామూలు చాకులాగే ఉంటుంది. దాంతో నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది, అచ్చం నెత్తుటిలా. మందార రంగుకి పులుపు తగిలితే ఎర్రబడుతుంది, అంతే. భూతవైద్యుడు ఇదే చేసి వెయ్యి రూపాయలు పట్టుకుపోతాడు. క్లాసులో ముందు మీరు కోయండి, పిల్లలు అరుస్తారు, తర్వాత చాకు, పువ్వు, కాయ వాళ్ళ చేతికే ఇచ్చేయండి. మీ స్కూల్లో చేశాక పిల్లలేమన్నారో రాస్తే వచ్చే నెల ఈ పేజీలో మొదటి ఉత్తరం మీదే వేస్తాను.

ప్రశ్న: పుస్తకాలు చాలు, హైదరాబాద్‌లో నిజంగా ఒళ్ళు జలదరించే చోటు ఒక్కటి చెప్పండి. యూట్యూబ్‌లో చూపించే పాడుబడ్డ ఇళ్ళు వద్దు. (ఇద్దరు స్నేహితులు, మెహదీపట్నం)

జవాబు: ఆ ఇళ్ళు నేనూ చెప్పను, వాటికి ఎవరో ఒక ఓనరుంటారు, పక్కన కాపురాలుంటాయి, రాత్రిళ్ళు కుర్రాళ్ళు గోడలు దూకితే వాళ్ళకి నరకం.

మీరు పగటిపూట అఫ్జల్‌గంజ్ వెళ్ళండి, ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో, మూసీ వైపు, ఒక పాత చింతచెట్టుంది. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని మనందరికీ చిన్నప్పుడు చెప్పారు కదా, చీకటి పడితే దాని కిందికి పోనిచ్చేవాళ్ళు కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చింది, దాదాపు 15 వేల మంది పోయారంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆ నీళ్ళలోనే పోయారు. ఆ రోజు ఈ చెట్టెక్కిన సుమారు 150 మంది బతికారు.

నేను దీపావళికి రెండ్రోజుల ముందు వెళ్ళాను. పేషెంట్ల తాలూకు వాళ్ళు దాని కింద చాపలేసుకుని కూర్చున్నారు, ఒకావిడ టిఫిన్ డబ్బా విప్పి అన్నం కలుపుతోంది. నేను చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి పైకి చూశాను, నూటయాభై మంది ఎక్కడ కూర్చున్నారా అని కొమ్మలు లెక్కపెట్టబోయాను. రాత్రంతా వాన, చీకటి, కింద నీళ్ళ చప్పుడు, అందులో అరుపులు, పక్క కొమ్మ మీదున్నది ఎవరో తెలియదు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు చేతులు మార్చుకుంటూ ఉండుంటారు. తెల్లారాక కిందికి దిగి వాళ్ళు ముందు ఎవరి పేరు పెట్టి పిలిచారో. ఆ అన్నం కలుపుతున్నావిడ నన్ను చూసి, ఏం వెతుకుతున్నవ్ అక్కా, ఏమన్న పడిపోయిందా అని అడిగింది. ఆమె పక్కన కూర్చుని ఆ కథంతా చెప్పాను. ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నది. విని, తలెత్తి చెట్టు పైకి చూసి, చాప కొంచెం మొదలు దగ్గరికి జరుపుకుంది.